దొంగల గిల్డ్ కట్టడం ఎలా: ఎవడికి ఎంత తెలియాలి

ముందు నా పరువు పోయిన కథ చెప్తా, ఈ గైడ్ మొత్తం దాన్నుంచే పుట్టింది. చిక్కడపల్లిలో మా ఇంటి పైన రేకుల రూమ్‌లో ఆదివారం ఆదివారం ఐదుగురం కూర్చుని డైస్ వేసి ఆడే ఫాంటసీ ఆట ఆడతాం. కథ నడిపేది నేను, మిగతా నలుగురూ పాత్రలు. మూడు నెలలు నిద్ర మానుకుని ఒక దొంగల గిల్డ్, అంటే దొంగల సంఘం, రాశా, పదకొండు హోదాలు, ఒక్కో హోదాకి ఒక్కో ఉంగరం, నేలమాళిగ మ్యాపు స్కెచ్ పెన్నులతో గీశా కూడా. మొదటి రోజే మావాళ్ళు బజార్లో ఒక జేబుదొంగని పట్టుకుని బావిలోకి తలకిందులుగా వేలాడదీసి "నీ పైవాడెవడ్రా" అన్నారు. నేను నోట్స్ తిరగేశా. ఆ జేబుదొంగకి ఏం తెలుసో ఏం తెలీదో ఎక్కడా రాసుకోలేదు, నోటికొచ్చింది చెప్పేశా, బాస్ పేరు, ఇల్లు, లోపలికి వెళ్ళే గుర్తుమాట అన్నీ. మిర్చి బజ్జీలు చల్లారకముందే గిల్డ్ ఖతం. మా తమ్ముడు అప్పుడన్నాడు, "అన్నా, ఇది దొంగల గిల్డా, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపా?"

అందుకే మీరు ఆట నడిపినా, కథ రాసినా, హోదాల పేర్లతో మొదలుపెట్టొద్దు. ఉంగరాలు, పచ్చబొట్లు, నల్ల ముసుగులు అన్నీ తర్వాత.

మొదటి స్టెప్: ఏం దొంగిలిస్తారు, అది ఎవరు కొంటారు అన్నది రాసుకోండి. దొంగతనం కంటే అమ్మకం కష్టం, ఈ ముక్క చాలామంది మర్చిపోతారు. 2018 సెప్టెంబర్‌లో మన పురానీ హవేలీలో ఉన్న నిజాం మ్యూజియంలోంచి వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్స్, కప్పు, సాసర్, స్పూను పోయాయి గుర్తుందా, వెంటిలేటర్‌లోంచి తాడు కట్టుకుని దిగారు, పని మాత్రం సినిమా లెవెల్లో చేశారు. తీరా చూస్తే ముంబై దాకా తీసుకెళ్ళినా కొనేవాడు దొరకలేదు. వెనక్కొచ్చేశారు, కొద్దిరోజులకే పట్టుబడ్డారు. ఆ ఇద్దరు దొంగల్లో ఒకడు ఆ టిఫిన్ బాక్స్‌లోనే అన్నం తినేవాడని పోలీసులే చెప్పారు. పాపం, అంత బంగారం చేతిలో ఉండి దాంతో చేయగలిగింది అదొక్కటే. వాళ్ళకి తెగింపు ఉంది, తాడు ఉంది, లేనిది గిల్డ్. సరుకు రూపం మార్చేవాడు, కరిగించేవాడు, రాళ్ళు ఊడదీసి విడివిడిగా అమ్మేవాడు, ఇవన్నీ తెలిసిన మనుషుల్ని ఒకరికొకరు తెలియకుండా కలిపి ఉంచేదే గిల్డ్. మీ ఊళ్ళో ఆ పని ఎవరిది అన్నది తేలితే సగం పని అయినట్టే.

వెరైటీ కావాలంటే ఇంకో దారుంది. లండన్‌లో జోనాథన్ వైల్డ్ అని ఒకడుండేవాడు, 1725లో ఉరి తీశారు. వాడు సరుకు ఎక్కువగా బయట అమ్మేవాడు కాదు, పోగొట్టుకున్న వాళ్ళకే "వెతికి పెట్టా" అని తిరిగిచ్చి డబ్బు తీసుకునేవాడు. ఊరు దృష్టిలో దొంగల్ని పట్టించే పెద్దమనిషి, లోపల ఆ దొంగల్ని నడిపేదీ వాడే, మాట వినని దొంగ ఉంటే సర్కారుకి పట్టించి తలకి నలభై పౌండ్లు బహుమతి కూడా పుచ్చుకునేవాడు. అంటే కింది దొంగ నోరు మూయించడానికి కత్తి అక్కర్లేదు, ఉరికొయ్య చాలు, అదీ సర్కారు ఖర్చు మీద. మా ఆటలో కొత్వాల్ ఆఫీసు పక్కనే "పోయిన వస్తువులు వెతికి పెట్టబడును" అని బోర్డు పెట్టా, మావాళ్ళు తమ పోయిన కత్తి కోసం మూడుసార్లు అక్కడికే వెళ్ళి ఫీజు కట్టొచ్చారు.

ఇప్పుడు హోదాలు. ఇక్కడే నేను మొండిగా ఒక మాట చెప్తా, హోదా అంటే ఎవడు ఎంత బాగా దొంగతనం చేస్తాడు అని కాదు, ఎవడికి ఎంత తెలుసు అని. పైకి వెళ్ళేకొద్దీ చేతిపని తగ్గుతుంది, తెలిసింది పెరుగుతుంది. కాబట్టి ప్రతి హోదాకి ఒక కార్డు తీసుకుని మూడే ముక్కలు రాయండి: వీడికి ఏం తెలుసు, ఏం తెలీదు, బావిలోకి వేలాడదీస్తే ఏం చెప్తాడు. మూడో ముక్క రాయలేకపోతే ఆ హోదా ఇంకా తయారు కాలేదన్నమాట.

పేర్ల కోసం ఇంగ్లీషు వైపు చూడక్కర్లేదు, మన దగ్గర కుప్పలున్నాయి. ముచ్చు అంటే దొంగ, పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. గోడకి కన్నం వేసేవాడు కన్నగాడు, వాడి పనిముట్టు కన్నపుకత్తి. పాతబస్తీ తాలింఖానాల్లో కుస్తీ నేర్పే పెద్ద ఉస్తాద్, ఆయన కింద అఖాడా చూసుకునేవాడు ఖలీఫా, నేర్చుకునేవాడు షాగిర్ద్. ఈ రెండూ కలిపేశా నేను, తెలుగు ఉర్దూ కలవకపోతే అది హైదరాబాద్ లాంటి ఊరెలా అవుతుంది. మా ఊరి పేరు ముచికుంద, మూసీకి పాత పేరు అదే.

అన్నిటికంటే కింద కళ్ళు. చాయ్ అందించే పిల్లలు, పూలమ్మే ముసలమ్మ, గుర్రాలకి నీళ్ళు పెట్టేవాడు. వీళ్ళకి తాము గిల్డ్‌కి పనిచేస్తున్నామని కూడా తెలీదు, "ఆ హవేలీలో దీపం ఎప్పుడు ఆర్పుతారో చెప్తే అణా ఇస్తా" అంటే చెప్తారు, అంతే. తర్వాత ముచ్చులు, జేబులు సంతలు వీళ్ళవి, ఒక్క ఖలీఫా మొహం తెలుసు. ఆ పైన కన్నగాడు. ఆ పైన ఖలీఫా, కింద ఐదుగురు తెలుసు, పైన మనిషి తెలీదు, చోటు తెలుసు. పక్కన విడిగా గుమాస్తా, లెక్కలన్నీ ఆయన దగ్గరే, ఒక్క మొహం కూడా తెలీదు, అన్నీ గుర్తులే. అందరికీ పైన ఉస్తాద్. పదకొండు హోదాలు ఆరుకి దిగాయి, ఒకటే ఏడుపు, ఆ ఉంగరాలు చాలా బాగా గీశా.

కార్డు ఎలా ఉండాలో చూపిస్తా, మా కన్నగాడిది. పురానాపూల్ 1578లో కట్టింది కదా, అలాంటి రాతి వంతెన మా ఊళ్ళోనూ ఉంది. మంగళవారం రాత్రి మూడో కమాను కింద మట్టి ముంతలో వాడి వాటా డబ్బు ఉంటుంది. ఎవరు పెడతారో వాడికి తెలీదు. ఒకసారి చూద్దామని అవతలి ఒడ్డున తుప్పల్లో రాత్రంతా కూర్చున్నాడు, ఎవరూ రాలేదు, తెల్లారి దిగి చూస్తే ముంతలో డబ్బు ఎప్పటిలాగే ఉంది, దాని పైన తుప్పల్లో వాడు తాగి పారేసిన బీడీ ముక్కలు, నాలుగుకి నాలుగూ. ఆ రోజు నుంచి చూడలేదు. వేలాడదీస్తే ఈ కథే చెప్తాడు, ఏడుస్తూ చెప్తాడు, నిజమే చెప్తాడు, కానీ దానివల్ల మీవాళ్ళకి దొరికేది ఒక వంతెన, ఒక మంగళవారం. చూడండి, గిల్డ్ ఎంత భయంకరమైనదో నేను ఒక్క ముక్క వర్ణించలేదు, నాలుగు బీడీ ముక్కలు పెట్టా, అంతే. మా టేబుల్ మీద ఆ రోజు ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు.

ఈ ఒకరికొకరు తెలియకపోవడం నేను కనిపెట్టింది కాదండోయ్. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో గూఢచారుల గురించి రాస్తూ ఒక చోట కుదురుగా ఉండి పనిచేసేవాళ్ళూ, తిరుగుతూ పనిచేసేవాళ్ళూ ఒకరినొకరు ఎరగకూడదు అంటాడు. ఇంకో మాట కూడా అంటాడు, ముగ్గురు వేరువేరుగా చెప్పిన కబురు ఒకటే అయితేనే నమ్మాలి అని. ఈ రెండోది మీ గిల్డ్‌కి పెట్టండి, మజా వస్తుంది. మా ఖలీఫా ఏ ఇంటి మీద పడాలన్నా మూడు కళ్ళు ఒకే మాట చెప్పాలి. అది తెలుసుకున్న మావాళ్ళు ఏం చేశారంటే పూలమ్మకి, చాయ్ పిల్లాడికి, గుర్రాలవాడికి ముగ్గురికీ ఒకే అబద్ధం వినిపించారు, "జమీందారు పెళ్ళికి వెళ్ళాడు, ఇల్లు ఖాళీ" అని. ఆ రాత్రి కన్నగాడు సరిగ్గా ఆ గోడ దగ్గరకే వచ్చాడు. రూల్ ఉంటేనే దాన్ని తిప్పికొట్టే తెలివి బయటికొస్తుంది, రూల్ లేని గిల్డ్‌తో ఏం ఆడతారు.

తర్వాత భాష, గుర్తులు. ఇక్కడ తొందరపడొద్దు, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఇలాంటి ఆటల్లో పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో దొంగలకి ఒక రహస్య భాష ఉంటుంది, మామూలు మాటల్లో దాచి చెప్తారు కాబట్టి సూటిగా చెప్పడం కంటే నాలుగు రెట్లు టైమ్ పడుతుందని 2014 రూల్‌బుక్‌లోనే ఉంది. ఐడియా బాగుంది కానీ చాలామంది దీన్ని "వాడు దొంగ భాషలో ఏదో అన్నాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మీరు నిజంగా వినిపించండి. నేను మొదట చిన్నప్పటి క భాష వాడా, అదే "రేపు రా" అంటే "కరే కపు కరా" అనడం, రెండు నిమిషాల్లో పట్టేశారు, పైగా మా వదిన వంటింట్లోంచి దానికి జవాబు కూడా చెప్పింది. వినగానే రహస్య భాష అని తెలిసిపోయేది రహస్య భాష కాదు. చుట్టూ వందమంది ఉన్నా ఎవరూ తల తిప్పకూడదు.

అందుకని ఇరానీ హోటల్ ఆర్డర్‌లోకి మార్చా. మా ముచికుందలో చాయ్‌ఖానాకొచ్చి "రెండు పౌనా, బిస్కెట్ వద్దు" అంటే ఆ ఇంటికి ఇద్దరు కాపలా, కుక్క లేదు. "ఖడక్ చెయ్యి భాయ్" అంటే కాపలావాళ్ళు నిద్రపోయే రకం కాదు. చాయ్ సాసర్‌లో పోసుకుని తాగితే ఈ రాత్రే, కప్పుతో తాగితే రేపు. మావాళ్ళు నాలుగు వారాలు ఆ చాయ్‌ఖానాలోనే కూర్చుని ప్లాన్లు వేసుకున్నారు, చుట్టూ దొంగలు ఆర్డర్లు ఇస్తూనే ఉన్నారు, నేను ప్రతిసారీ ఆ ఆర్డర్లు పైకే చదివా. ఐదో వారం మా రూమ్మేట్ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు, "అరే, ఈ ఊళ్ళో బిస్కెట్ తినేవాడే లేడేంట్రా". ఆ క్షణం కోసమే ఇదంతా.

మనిషిని గుర్తుపట్టడానికి నోటు నంబర్ పద్ధతి ఉంది, హవాలా వాళ్ళు చిన్న నోటు నంబర్ చూసి డబ్బు చేతులు మారుస్తారని పేపర్లో చదివే ఉంటారు, నోటు తెచ్చినవాడెవడో ఇచ్చేవాడికి తెలియక్కర్లేదు, నంబర్ కలిస్తే చాలు. ఫాంటసీలో నోట్లు లేవు కాబట్టి నేను విరగ్గొట్టిన గాజు ముక్కలు పెట్టా, రెండు ముక్కలు అతికితే మనవాడే. గాజులమ్మే లాడ్‌బజార్ లాంటి వీధి ఉన్న ఊళ్ళో గాజు ముక్క జేబులో ఉంటే ఎవరు అనుమానిస్తారు.

ఇక తువ్వాలు. పశువుల సంతలో బేరం చూశారా ఎప్పుడైనా? దళారి, కొనేవాడు చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు, లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కన నిలబడ్డ రైతుకి కూడా తెలీదు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత, వందలా వేలా అన్నది ముందే ఇద్దరికీ తెలుసు. మా మామయ్య సంతలకి తిరిగిన మనిషి, ఒక ఆదివారం ఆయన్నే రూమ్‌కి పిలిచి చేయించా. గుమాస్తాతో వాటాల బేరం మొత్తం నోరెత్తకుండా, నిజంగా తువ్వాలు కిందే, మామయ్య గుమాస్తా, అవతల మా తమ్ముడు. మామయ్య మొహంలో ఒక్క కండరం కదల్లేదు. తమ్ముడి చెవులు మాత్రం ఎర్రబడిపోతున్నాయి, తువ్వాలు కింద ఏం జరుగుతోందో మిగతా ముగ్గురికి తెలీదు, నాకూ తెలీదు! కథ నడిపేవాడికే తెలియని రహస్యం టేబుల్ మీద ఉండటం ఎలా ఉంటుందో ఒకసారి చేసి చూడండి, ఖర్చు ఒక తువ్వాలు.

చేర్చుకోవడం, ప్రమాణం, ఇవి త్వరగా తేల్చేద్దాం. అరచేతిలో కర్పూరం వెలిగించి ఒట్టు చాలు, రక్తం కోసుకోవడాలు అవీ చూసీ చూసీ విసుగొచ్చింది. పరీక్ష మాత్రం మంచిది పెట్టండి, దానికి మన పాతవాళ్ళు బోలెడు సరుకు వదిలి వెళ్ళారు. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడనే దొంగ చారుదత్తుడి గోడకి కన్నం వేసేముందు తాపీగా నిలబడి ఏ ఆకారంలో వేద్దామా అని ఆలోచిస్తాడు, విచ్చిన తామరా, సూర్యుడా, నెలవంకా, పూర్ణకుంభమా అని, పైగా కుమారస్వామిని తలుచుకుంటాడు, దొంగలకి ఆయనే దైవం. కొలతాడు మర్చిపోయి వచ్చాడు, ఏం చేశాడు, మెడలో జంధ్యం తీసి దాంతో గోడ కొలిచాడు. దండి దశకుమారచరితంలో అపహారవర్మ సామాన్ల లిస్టు అయితే ఇంకా కిరాక్, తాడు, పట్టకారు, కొలతాడు, గోడలోంచి ముందు లోపలికి పెట్టి చూడటానికి ఒక బొమ్మ తలకాయ, దీపం ఆర్పడానికి పురుగులున్న డబ్బా. పురుగుల డబ్బా! వదిలితే అవే వెళ్ళి దీపం మీద పడతాయి. ఈ దశకుమారచరితాన్నే కేతన 13వ శతాబ్దంలో తెలుగులో పద్యాలు చేశాడు. కాబట్టి మా గిల్డ్ ప్రవేశ పరీక్ష ఒకటే, చీకటి గదిలో గోడ ముందు నిలబెడతారు, పనిముట్లలో ఒకటి కావాలనే తీసేస్తారు, ఒంటి మీద ఉన్నదాంతో నడిపించాలి. మీ ప్లేయర్లని ఇలా నిలబెట్టి చూడండి, మావాళ్ళలో ఒకడు మొలతాడు విప్పాడు, ఆ సీన్ గురించి ఇంకా చెప్పను.

ఒక్క విషయం సీరియస్‌గా. గిల్డ్‌కి నిజమైన కులాన్నో తెగనో అతికించొద్దు, ఫలానా వాళ్ళు పుట్టుకతో దొంగలు అనే లైన్ అస్సలొద్దు, మారు పేరు పెట్టి కూడా వద్దు. బ్రిటిష్ వాళ్ళు 1871లో చట్టం చేసి మరీ ఎన్నో కులాలకి ఆ ముద్ర వేశారు, 1952లో ఆ ముద్ర తీసేసినా ఆ కుటుంబాల్ని ఇప్పటికీ జనం చూసే చూపు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. మీ గిల్డ్‌లో మనుషులు అప్పుల వల్ల రానీ, పగ వల్ల రానీ, సరదాకి రానీ, అన్ని వీధుల నుంచీ రానీ. కథకి కూడా అదే మంచిది, పక్కింటివాడే దొంగ అయితేనే కదా భయం.

చివరి స్టెప్ చిల్లు పెట్టడం. ఇంత గట్టిగా గుట్టు కట్టాక మీవాళ్ళు లోపలికి రాలేక విసుగెత్తి వేరే ఊరు వెళ్ళిపోతారు, నాకు జరిగింది, రెండు వారాలు సముద్రపు దొంగల వెంట పడ్డారు, నా దగ్గర సముద్రం రెడీగా కూడా లేదు. కాబట్టి ప్రతి తాళానికీ ఒక లోపం మీరే పెట్టాలి, కానీ అది గిల్డ్ బలంలోంచే రావాలి. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కిలోమీటర్ దూరంలో పైన బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తుంది కదా, టూరిస్టులందరూ కొట్టి చూస్తారు. మా గిల్డ్ అడ్డా పాడుబడ్డ కోటలో అలాంటి గుమ్మటం కింద, గుమ్మంలో ఎవడు అడుగు పెట్టినా పైన తెలిసిపోతుంది. ఎవరూ ఇందులోకి దూరలేరని ఖలీఫాలకి గర్వం. మావాళ్ళు దూరలేదు. గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా ఇద్దరు మాట్లాడుకున్నట్టు మాట్లాడారు, "మూడో ఖలీఫా మనకి అన్నీ చెప్పేశాడు, పాపం మంచోడు" అని, అంతే, వెళ్ళిపోయారు. మిగతా లొల్లి అంతా పైనే జరిగింది.

గుమాస్తా కూడా మంచి చిల్లు. మొహాలు తెలీదు కానీ అంకెలు తెలుసు, ఏ గుర్తువాడికి ఏ నెల వాటా ఆగిందో చూస్తే వాడు జైల్లో ఉన్నాడనో, పోయాడనో ఆయనకి అర్థమవుతుంది. అన్నేళ్ళు అలా అంకెల్లో చావులు చదివిన మనిషి ఒక రోజు ఎవరితోనో మాట్లాడాలనుకుంటాడు. ఇది నేను ప్లాన్ చేయలేదు, ఆ తువ్వాలు ఆదివారం తర్వాత మామయ్యే అడిగాడు, "అవున్రా, వీడికి ఇంట్లో ఎవరూ లేరా" అని.

ఉస్తాద్ ఎవరో మాత్రం మీరు ముందే ఫిక్స్ చేసుకోండి, కాగితం మీద రాసి మడిచి ఎక్కడైనా పెట్టండి. ప్లేయర్ల అంచనాలు విని మధ్యలో మార్చేసేవాళ్ళున్నారు, నాకది నచ్చదు, వాళ్ళు కష్టపడి వెతికిన ఆధారాలన్నీ ఉత్తుత్తివి అయిపోతాయి. నాది బియ్యం డబ్బాలో ఉంది. ఉండేది, ఇప్పుడు చోటు మార్చా, ఎందుకంటే మా తమ్ముడు ఇది చదువుతాడు.